ఒంటరి పిల్లికూనను ఇంటికి తెచ్చుకోవడం ఎలా

పిల్లి తన కూనలను ఏడిళ్ళు తిప్పుతుందని పెద్దలు ఊరికే అనలేదు. పిల్లలు పెట్టిన చోట మనుషుల అలికిడి ఎక్కువైనా, కుక్కల బెడద ఉన్నా, వాన నీరు చేరినా తల్లిపిల్లి ఒక్కొక్క కూననే మెడ వెనుక నోట కరచుకొని మరో చోటికి చేరుస్తుంది. ఆ మార్పిడి నడుమ ఒక కూన మెట్ల కిందనో, ప్రహరీ పక్కనో, ఆగి ఉన్న కారు చక్రం వెనుకనో ఒంటరిగా అరుస్తూ కనిపించడం మామూలే. చూసిన వెంటనే దాన్ని ఎత్తి ఇంటికి తెచ్చేస్తే, కొద్దిసేపట్లో తిరిగి రాబోయే తల్లికి బిడ్డను, బిడ్డకు తల్లిపాలను దూరం చేసినవాళ్ళమవుతాం. కాబట్టి కూనను ఎత్తే ముందు తల్లి ఉన్నదో లేదో తేల్చుకోవాలి.

అందుకు దూరంగా ఉండి గమనించడమే మార్గం. మనిషి దగ్గరలో నిలబడి ఉంటే తల్లి రాదు. పైగా తిండి వెతుక్కుంటూ అది కొన్ని గంటల పాటు కూనలను విడిచి వెళ్తుంది. కూన ఒళ్ళు శుభ్రంగా ఉండి, పొట్ట నిండుగా కనిపిస్తూ, అది ముడుచుకొని నిద్రపోతుంటే తల్లి వచ్చి పాలిచ్చి పోతున్నదనే అర్థం. రాత్రంతా కనిపెట్టుకొని ఉండలేనివారు కూన ఉన్న చోటికి రెండు మూడు అడుగుల దూరంలో చుట్టూ బియ్యప్పిండి పలుచగా చల్లి, తెల్లవారాక దాని మీద పిల్లి అడుగులు పడ్డాయేమో చూడవచ్చు. పడితే కూనను అక్కడే ఉంచి, తల్లికి రోజూ ఒకే చోట తిండి, నీళ్ళు పెడుతూ రావాలి. ఎనిమిది వారాలు నిండే దాకా తల్లి దగ్గర పెరిగిన కూనకు ఆరోగ్యం బాగుంటుంది. తోబుట్టువులతో పెనుగులాడుతూ ఎంత గట్టిగా కరవకూడదో కూడా నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఇంటికి తెచ్చుకుంటే సగం శ్రమ తప్పుతుంది. మనిషి చెయ్యి తగిలిన కూనను తల్లి దగ్గరకు రానివ్వదని చాలామంది నమ్ముతారు, కానీ అది నిజం కాదు. ప్రమాదకరమైన చోటు నుండి కూనను పక్కకు జరిపినా తల్లి వెతుక్కుంటూ వచ్చి తీసుకుపోతుంది.

ఎదురుచూడకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. కూన ఒళ్ళు చల్లబడినా, చీమలు పట్టినా, గాయమైనా, కళ్ళు పుసితో అతుక్కుపోయినా, తల్లి చనిపోయి కనిపించినా వెంటనే చేతుల్లోకి తీసుకోవాలి. తీసేటప్పుడు మందపాటి తువ్వాలు కప్పి, దానితోనే చుట్టి ఎత్తాలి. వీధిలో పెరిగిన నెలన్నర కూన బుసకొట్టి గోళ్ళతో రక్కుతుంది. ఆ కోపమంతా భయమే గాని, గాటు మాత్రం నిజంగానే పడుతుంది.

వయసు తెలుసుకోవడం

ఇకపై చేయవలసిన ప్రతి పనీ కూన వయసును బట్టి మారుతుంది. కళ్ళు మూసుకొని ఉంటే వయసు వారం పది రోజుల లోపు. కళ్ళు తెరుచుకున్నా చెవులు ఇంకా నిటారుగా నిలవక, నడక తూలుతూ ఉంటే రెండు మూడు వారాలు. ముందు పళ్ళు సన్నగా మొలకెత్తుతుంటే మూడు నాలుగు వారాలు. పరుగెత్తి, గెంతి, కదిలే తాడును పట్టుకోబోతుంటే ఐదారు వారాలు దాటినట్టే. చిన్నప్పుడు దాదాపు ప్రతి కూనకూ కళ్ళు నీలంగానే ఉంటాయి. ఆరేడు వారాల వయసులో చాలా కూనలకు ఆ నీలం పోయి పసుపో, ఆకుపచ్చో తేలుతుంది. బరువు కూడా మంచి గుర్తు. పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములుండే కూన నెల నిండేసరికి దాదాపు 400 నుండి 450 గ్రాములకు చేరుతుంది. వంటింటి త్రాసు ఇంట్లో ఉంటే మొదటి రోజు నుండే బరువు రాసిపెట్టుకోవడం మంచిది. తిన్నట్టు కనిపించినా పాలు తాగే కూన రోజుకు పది గ్రాములైనా పెరగకపోతే ఏదో తేడా ఉన్నట్టు.

మొదట వెచ్చదనం, తర్వాతే పాలు

దొరికిన కూనకు వెంటనే పాలు పట్టాలని అందరికీ అనిపిస్తుంది. ఆ తొందరే చాలా కూనల ప్రాణం తీస్తుంది. చల్లబడిన కూనకు పేగులు పనిచేయవు; అప్పుడు పట్టిన పాలు అరగక పొట్టలోనే నిలిచిపోతాయి, లేదా సరిగా మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చిటికెన వేలి కొన కూన నోట్లో పెట్టి చూస్తే లోపల వెచ్చగా ఉన్నదో, చల్లగా ఉన్నదో తెలిసిపోతుంది. చల్లగా ఉంటే ముందు వేడి చేయాలి. ప్లాస్టిక్ సీసాలో వేడినీళ్ళు పోసి, మూత గట్టిగా బిగించి, మందపాటి గుడ్డలో చుట్టి అట్టపెట్టెలో ఒక పక్కన ఉంచాలి. రెండో పక్క ఖాళీగా వదిలితే వేడి ఎక్కువైనప్పుడు కూన అటు జరగగలుగుతుంది. సీసా చల్లారిన ప్రతిసారీ నీళ్ళు మార్చాలి. హెయిర్ డ్రయ్యర్ గాలి నేరుగా పెట్టడం, వేడినీళ్ళలో ముంచడం వంటివి చేయకూడదు. వేడి నెమ్మదిగా ఎక్కాలి.

ఆవుపాలు, గేదెపాలు, ప్యాకెట్ పాలు కూనకు సరిపడవు. వాటిలోని చక్కెర పదార్థం అరగక నీళ్ళ విరేచనాలు పట్టుకుంటాయి. పావుకిలో బరువు కూడా లేని జీవి ఒక్క రోజు విరేచనాలకే ఒళ్ళు ఎండిపోయి చనిపోగలదు. పిల్లికూనల కోసమే తయారైన పాలపొడి పెంపుడు జంతువుల దుకాణాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. డబ్బా మీద చెప్పిన కొలత ప్రకారం కలిపి, గోరువెచ్చగా పట్టాలి. అర్ధరాత్రి దుకాణాలు మూసి ఉన్నప్పుడు, ఒళ్ళు వెచ్చబడి మింగగలిగే స్థితిలో ఉన్న కూనకు రుచి కలపని ఓఆర్ఎస్ నీళ్ళు కొన్ని చుక్కలు పట్టి తెల్లవారే దాకా నెట్టుకురావచ్చు. అది ఒక్క పూటకే.

పాలు పట్టే తీరు విషయంలో నేను అందరికీ పదే పదే చెప్పేది ఒకటే. చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు కూనను వెల్లకిలా పడుకోబెట్టవద్దు. అది తల్లి దగ్గర ఎలా తాగుతుందో అలాగే, పొట్ట కిందికి, నాలుగు కాళ్ళూ గుడ్డ మీద ఆని, తల కొంచెం పైకెత్తి ఉండాలి. సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజిని నోటి పక్క నుండి పెట్టి, ఒక్కో చుక్క వదులుతూ, అది మింగాకే మరో చుక్క ఇవ్వాలి. రుచి తగలగానే చాలా కూనలు నాలుకను దోనెలా మడిచి సిరంజి కొనను చప్పరిస్తాయి, ప్రతి గుటకకూ చెవులు చిన్నగా వెనక్కీ ముందుకూ కదులుతాయి. ఆ కదలిక కనిపిస్తే పాలు సరైన దారిలోనే పోతున్నాయన్నమాట. ముక్కులో నుండి పాలు వస్తే వెంటనే ఆపి, తల కిందికి వంచి తుడవాలి, ఆ పూటకు మళ్ళీ ప్రయత్నించకూడదు. మొదటి రెండు వారాల కూనకు రెండు మూడు గంటలకు ఒకసారి, రాత్రిళ్ళు కూడా పట్టాలి. మూడు నాలుగు వారాల వయసులో నాలుగైదు గంటల వ్యవధి సరిపోతుంది.

మూడు వారాల లోపు కూన తనంతట తాను మూత్రం, మలం విసర్జించలేదు. తల్లి నాకి ఆ పని చేయిస్తుంది. తల్లి లేనప్పుడు పాలు పట్టిన ప్రతిసారీ గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన దూదితో తోక కింద మెల్లగా నిమరాలి. ఈ సంగతి తెలియకపోవడం వల్ల పాలు బాగా తాగుతున్న కూనలే పొట్ట ఉబ్బి చనిపోతుంటాయి.

ఇంట్లో ఉండే విషాలు

మన ఇళ్ళలో శుభ్రత కోసం వాడేవే పిల్లికి ప్రమాదకరం. నేల తుడిచే ఫినాయిల్, గాయాలు కడిగే డెట్టాల్ వంటి వాటిని పిల్లి కాలేయం విరిచి బయటకు పంపలేదు. తుడిచిన నేల మీద నడిచి, ఆ తర్వాత పాదాలు నాకి శుభ్రం చేసుకునే జంతువు కాబట్టి విషం నేరుగా కడుపులోకి చేరుతుంది. కూన ఉన్న గదిని సబ్బునీళ్ళతో తుడిచి, ఆరాక మాత్రమే దాన్ని వదలాలి. జ్వరం వచ్చిందని పారాసిటమాల్ ఎన్నడూ వేయకూడదు. ఒక్క మాత్ర కూడా పిల్లిని చంపగలదు. బీరువాలో వేసే కలరా ఉండలు, పూలగుత్తుల్లో వచ్చే లిల్లీ జాతి పూలు, ఎలుకల మందు, చాక్లెట్ అందకుండా ఉంచాలి. లిల్లీ పుప్పొడి ఒంటికి అంటుకొని నాకినా పిల్లి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఒంటి మీద బొచ్చులో గెంతే సన్నని నల్ల పురుగులు వీధి కూనలకు చాలా ఎక్కువ. అవి చిన్న కూన రక్తాన్ని పీల్చి చిగుళ్ళు తెల్లగా పాలిపోయేలా చేస్తాయి. కుక్కలకు వాడే పురుగుల మందులో తరచుగా పర్మెత్రిన్ అనే రసాయనం ఉంటుంది, అది పిల్లికి ప్రాణాంతకం. దుకాణదారు ఇచ్చినా తీసుకోవద్దు. వేపనూనె పూయడం కూడా మంచిది కాదు. నెల దాటిన కూనను గోరువెచ్చని నీళ్ళతో, కొద్దిపాటి బేబీ షాంపూతో కడిగి, సన్నని పేల దువ్వెనతో దువ్వి, వెంటనే తువ్వాలుతో పూర్తిగా ఆరబెట్టాలి. అంతకన్నా చిన్నదైతే కడగకుండా దువ్వెనతోనే సరిపెట్టాలి.

పశువైద్యుని దగ్గర

మొదటి రెండు రోజుల్లోనే చూపించడం మంచిది. ప్రైవేటు క్లినిక్ అందుబాటులో లేనివారికి ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు అనుబంధంగా పెద్ద వైద్యశాలలు నడుస్తున్నాయి. వీధి కూనలకు కడుపులో నట్టలు లేకపోవడం అరుదు. పొట్ట ఉబ్బెత్తుగా ఉండి, వెన్ను ఎముకలు తెలుస్తుంటే అది బాగా తిన్న గుర్తు కాదు, నట్టల గుర్తు. నట్టల మందును సాధారణంగా రెండు వారాలకోసారి, తూకం చూసి వైద్యుడు చెప్పిన మోతాదులో వేయాలి. పిల్లులకు వచ్చే పార్వో జాతి వైరస్‌తో పాటు జలుబు కలిగించే రెండు వైరస్‌ల నుండి కాపాడే టీకాను ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండే దాకా వేయిస్తారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేయిస్తారు. కూన వాంతులు చేసుకొని తిండి మానేసి, నీళ్ళ గిన్నె ముందు తల వాల్చి కూర్చుంటే మర్నాటి దాకా ఆగకూడదు. ఆ పార్వో జాతి జబ్బు రెండు రోజుల్లో చంపేస్తుంది. అదే జబ్బుతో ఇంతకు ముందు ఇంట్లో పిల్లి చనిపోయి ఉంటే, ఆ వైరస్ ఏడాది దాకా నేలలో, గుడ్డల్లో బతికే ఉంటుంది కాబట్టి, టీకా వేయని కూనను అక్కడికి తేకపోవడమే మేలు.

మనుషుల సంగతి కూడా చెప్పుకోవాలి. వీధి కూన కరిచినా, రక్కినా చిన్న గాటే కదా అని వదిలేయకూడదు. మన దేశంలో రేబిస్ ఇంకా ఉంది, అది పిల్లుల ద్వారా కూడా వస్తుంది, ఒకసారి లక్షణాలు మొదలైతే మందు లేదు. గాయాన్ని కుళాయి ధార కింద సబ్బుతో పావుగంట సేపు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం. సాధారణంగా మొదటి రోజు, ఆపై 3, 7, 28 రోజులకు వేస్తారు. రక్తం వచ్చిన గాటుకు టీకాతో పాటు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే, వెంటనే రక్షణ ఇచ్చే ఇంజెక్షన్ కూడా అవసరమవుతుంది. పసుపు, కారం, సున్నం అద్దడం వల్ల కీడే గాని మేలు లేదు. పిల్లల చేతుల మీద గుండ్రంగా తామర లాంటి మచ్చ కనిపిస్తే కూనకు కూడా పరీక్ష చేయించాలి. అది పిల్లి నుండి మనిషికి తేలికగా అంటుకుంటుంది.

ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని వెళ్ళగొట్టాలని పెద్దవాళ్ళు పట్టుపడుతుంటారు. ఆ భయానికి కారణం టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి. పిల్లి మలంలో వచ్చినా అది అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి పిల్లి మలమూత్రాలు విసర్జించే ఇసుక తొట్టిని వేరొకరు రోజూ శుభ్రం చేస్తే, మాంసం బాగా ఉడికించి తింటే, తోటపని తర్వాత చేతులు కడుక్కుంటే చాలు. పిల్లి ఇంట్లోనే ఉండవచ్చు.

ఒక గది, ఒక తొట్టి

మొదటి కొన్ని రోజులు కూనకు ఇల్లంతా చూపించకూడదు. ఒక చిన్న గది, అందులో దాక్కోవడానికి పక్కకు పడుకోబెట్టిన అట్టపెట్టె, ఒక మూల నీళ్ళు, తిండి, ఎదురు మూల ఇసుక తొట్టి ఉంటే సరిపోతుంది. కూన ఫ్రిజ్ వెనుక, వాషింగ్ మెషీన్ కింద దూరకుండా సందులు ముందే మూసేయాలి. దాన్ని బలవంతంగా ఒళ్ళోకి లాగకుండా, నేల మీద కూర్చొని, మెల్లగా మాట్లాడుతూ, చేతికి అందేంత దూరంలో తిండి పెట్టి వదిలేస్తే, రెండు నుండి ఏడు వారాల వయసు గల కూన తొందరగా మనిషికి అలవాటు పడుతుంది. ఆ వయసు దాటినది కూడా దగ్గరవుతుంది, కానీ కొన్నిసార్లు నెలలు పట్టవచ్చు, అంత ఓపిక ఉండాలి.

తొట్టికి అంచు తక్కువగా ఉన్న ప్లాస్టిక్ టబ్ చాలు. రాళ్ళు ఏరిన నది ఇసుక మనకు చౌకగా దొరికేది. దుకాణంలో దొరికే గడ్డకట్టే రకం ఇసుకను రెండు మూడు నెలల లోపు కూనలు నోట్లో పెట్టుకుంటాయి కాబట్టి వాటికి వాడవద్దు. తిన్న పది నిమిషాలకు కూనను తొట్టిలో దింపి, దాని ముందు కాలితో ఒకసారి ఇసుక గోకిస్తే చాలావరకు అదే నేర్చుకుంటుంది. రోజుకు రెండుసార్లు తీసి పారేయకపోతే మంచం కింద మొదలుపెడుతుంది, ఆ తప్పు దానిది కాదు. ఇంట్లో ముందే పిల్లి ఉంటే రెండు వారాలు విడివిడిగా ఉంచి, ఒకదాని పక్కగుడ్డను మరోదానికి వేసి వాసన అలవాటు చేశాకే ఎదురెదురుగా వదలాలి.

తిండి

నాలుగు వారాలు దాటాక కూన తిండిని పాలపొడి నీళ్ళతో మెత్తగా కలిపి పళ్ళెంలో పెట్టాలి. ఆరేడు వారాలకు ఆ నీళ్ళు తగ్గిస్తూ పోవాలి. ఆరు నెలల దాకా రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. పాలన్నం, పెరుగన్నం పెట్టి పెంచే ఇళ్ళు మనకు చాలా ఉన్నాయి. అలాంటి ఇళ్ళలో పిల్లి బతికేది బయట పట్టుకునే ఎలుకలు, బల్లుల పుణ్యాన. తలుపులు మూసిన అపార్ట్‌మెంటులో ఆ దారి కూడా ఉండదు. మాంసం తప్ప మరోటి తిని పిల్లి ఆరోగ్యంగా ఉండలేదు, ఎందుకంటే టారిన్ అనే పోషకాన్ని అది తన శరీరంలో చాలినంత తయారు చేసుకోలేదు. అది అందకపోతే చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. శాకాహార కుటుంబాలకు వంటింట్లో మాంసం వండడం ఇష్టం లేకపోవచ్చు. వారు కూనల కోసం తయారైన ప్యాకెట్ తిండి వేరే గిన్నెలో, వేరే చోట పెట్టడం సరైన మార్గం. అది కూడా కుదరదనుకుంటే పిల్లిని తెచ్చుకోకపోవడమే న్యాయమని నా గట్టి అభిప్రాయం. మాంసాహార ఇళ్ళలో ఉప్పు, కారం వేయకుండా ఉడికించిన కోడిమాంసం, ఎముక పూర్తిగా తీసేసి, ప్యాకెట్ తిండికి తోడుగా పెట్టవచ్చు. మనం తినే కూర మాత్రం పెట్టవద్దు, ఉల్లి, వెల్లుల్లి రెండూ పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి.

పెరిగాక

ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రాగలదు, కడుపు నిలిస్తే సుమారు తొమ్మిది వారాలకు పిల్లలు పెడుతుంది. కాబట్టి ఆ వయసు రాకముందే సంతాన నిరోధక శస్త్రచికిత్స ఎప్పుడు చేయాలో వైద్యునితో మాట్లాడుకోవాలి. మగదానికీ ఇది అవసరమే. చేయించకపోతే ఇల్లంతా మూత్రం చిమ్ముతుంది, పక్క వీధి పిల్లులతో కొట్లాడి గాయాలతో వస్తుంది. ఆపరేషన్ తర్వాత కుట్లు నాకకుండా పది రోజుల పాటు మెడకు కాలర్ ఉంచాలి. పుట్టిన పిల్లలను సంచిలో పెట్టి దూరపు మార్కెట్లో వదలడం ఇంకా జరుగుతూనే ఉంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం నేరం.

అపార్ట్‌మెంటులో ఉండేవారు బాల్కనీకి, కిటికీలకు ఉక్కు జాలీ వేయించాలి. పావురాల కోసం కట్టే నైలాన్ వలను పిల్లి కొరికి దారి చేసుకుంటుంది. నాలుగో అంతస్తు నుండి పడిన పిల్లి కాళ్ళ మీద దిగినా దవడ, ఛాతీ చితికిపోవచ్చు. వానాకాలంలో బయట తిరిగే కూనలు వెచ్చదనం కోసం కారు బానెట్ లోపల దూరుతాయి కాబట్టి, బండి తీసే ముందు బానెట్ మీద రెండుసార్లు గట్టిగా తట్టడం ఇంటివారంతా అలవాటు చేసుకోవాలి. దీపావళి రాత్రి కిటికీలు మూసిన లోపలి గదిలో, దాని పెట్టె, తొట్టి, నీళ్ళతో సహా ఉంచాలి. సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు మూడు రోజుల తిండి ఒకేసారి గిన్నెలో పోసి తాళం వేయకూడదు. రోజూ వచ్చి తాజా నీళ్ళు పోసి, తొట్టి శుభ్రం చేసే మనిషికి తాళంచెవితో పాటు వైద్యుని ఫోన్ నంబరు కూడా రాసి ఇవ్వాలి.